ఎర్ర పెన్సిలుతో రాసిన ఒక్క మాట

1981లో వానలు పట్టిన రోజుల్లో, వాల్తేరు మిట్ట మీద ఆంధ్ర విశ్వవిద్యాలయంలో ఎం.ఏ. ఇంగ్లీషు మొదటి సంవత్సరం తరగతి గదిలో, మా మేష్టారు తలా ఒక సైక్లోస్టైల్ కాగితం పంచిపెట్టారు. సిరా ఇంకా పూర్తిగా ఆరకపోవడం వల్ల పట్టుకున్న చోటల్లా వేలిముద్ర పడుతున్న ఆ కాగితం మీద ఎనిమిది పాదాల ఇంగ్లీషు పద్యం ఒకటే ఉంది. పైన శీర్షిక లేదు, కింద కవి పేరు లేదు, ఏ శతాబ్దానిదో చెప్పే ఆనవాలేదీ లేదు. “గంట టైముంది. చదివి, మీకు ఏం తెలిసిందో రాయండి. కవి ఎవరో తెలిసినవాళ్ళు ఆ సంగతి మీ దగ్గరే ఉంచుకోండి,” అని చెప్పి ఆయన కిటికీ పక్కకు కుర్చీ లాక్కుని సముద్రం వైపు తిరిగి కూర్చున్నారు.

నాకు ధైర్యంగానే ఉంది. బొబ్బిలి దగ్గర పల్లెటూళ్ళో పదో తరగతి దాకా తెలుగు మాధ్యమంలో చదువుకుని, విజయనగరంలో బి.ఏ. స్పెషల్ ఇంగ్లీషు చేసి వచ్చినదాన్ని. అప్పట్లో మా చదువంతా గైడ్ల మీద నడిచేది. పద్యం ఏదైనా ‘క్రిటికల్ అప్రిసియేషన్’ రాయడానికి ఒక అచ్చు ఉండేది. మొదటి పేరాలో కవి పుట్టిన ఏడూ, పోయిన ఏడూ, రెండో పేరాలో ‘థీమ్’, మూడో పేరాలో ‘స్టైల్’. థీమ్ అంటే ప్రకృతో ప్రేమో మృత్యువో, మూడింటిలో ఏదో ఒకటి. స్టైల్ అయితే ఎప్పుడూ సరళంగానూ స్పష్టంగానూ ఉండేది. మిల్టన్‌ది మాత్రం గంభీరం. పులిహోర పొట్లాలు కట్టినట్టు ఎన్ని పద్యాలనైనా ఆ మూడు పేరాల్లో కట్టి ఇవ్వగలిగేవాళ్ళం, మార్కులూ బాగానే వచ్చేవి. అందుచేత ఆ రోజు కవి పేరు లేకపోవడం వల్ల మొదటి పేరా ఒక్కటీ పోయిందే అని తప్ప నాకు మరో విచారం కలగలేదు.

పద్యంలో ఒక ‘ఆమె’ ఉంది. రాళ్ళున్నాయి, చెట్లున్నాయి, భూమి తిరుగుతోంది. ఇది ప్రకృతి పద్యమనీ, ఆమె కాలానికి అతీతురాలై శాశ్వతంగా ప్రకృతిలో కలిసిమెలిసి ఉన్నట్టు కనిపిస్తోందనీ, శైలి సరళంగా, స్పష్టంగా ఉందనీ రెండు పుటలు నింపి ఇచ్చాను. వారం తరవాత కాగితం తిరిగి వచ్చింది. పదికి మూడున్నర. అంతకంటే నన్ను ఇబ్బంది పెట్టింది మార్జినులో ఉన్న మాట. ‘శాశ్వతంగా ఉన్నట్టు కనిపిస్తోంది’ అని ఇంగ్లీషులో నేను రాసిన చోట, ‘సీమ్స్’ అన్న క్రియ కింద ఎర్ర పెన్సిలుతో గీత గీసి, పక్కన తెలుగులో ఒకే ఒక్క మాట రాశారు: “ఎవరికి?” కాగితమంతటి మీదా ఆయన చేతిరాత అదొక్కటే. ఇంగ్లీషు ఎం.ఏ. తరగతిలో తెలుగులో దిద్దడమేమిటో, ఎవరికేమిటో, హాస్టల్లో ఆ రాత్రి ఎంత ఆలోచించినా నాకు అంతుపట్టలేదు.

పేరు తీసేసిన పద్యాలను విద్యార్థుల చేతికిచ్చి రాయించడం మా మేష్టారు కనిపెట్టిన పద్ధతి కాదని మాకు తరవాత తెలిసింది. కేంబ్రిడ్జిలో ఐ. ఎ. రిచర్డ్స్ 1920లలో ఇదే పని చేశాడు. అలా ఇచ్చిన 13 పద్యాల మీద విద్యార్థులు రాసిన సమాధానాలను పోగుచేసి, వాళ్ళు ఎక్కడెక్కడ ఎందుకు పొరబడ్డారో విడమరిచి 1929లో ‘ప్రాక్టికల్ క్రిటిసిజం’ అని పుస్తకం వేశాడు. పేరు తెలియకపోతే గొప్ప కవిని తీసిపారేయడం, ఒక మాట చూడగానే మనకు ముందే తెలిసిన భావాన్ని పద్యం నోట్లో కుక్కడం, ఇవన్నీ కేంబ్రిడ్జి పిల్లలూ చేశారని చదివినప్పుడు మాకు కొంత ఊరట కలిగింది. చెట్టు కనిపించగానే ప్రకృతి పద్యమని తేల్చేయడం బొబ్బిలి వాళ్ళకు మాత్రమే పట్టిన రోగం కాదన్నమాట.

మరుసటి తరగతిలో ఆయన కవి పేరు చెప్పారు. వర్డ్స్‌వర్త్. పద్యానికి అసలు శీర్షికే లేదు, ‘ఎ స్లంబర్ డిడ్ మై స్పిరిట్ సీల్’ అన్న మొదటి పాదంతోనే దాన్ని పిలుస్తారు. 1798–99 చలికాలంలో చెల్లెలు డొరతీతో కలిసి జర్మనీలో గోస్లార్ అనే ఊళ్ళో, మంచులో ఇరుక్కుని, మాట్లాడేవాళ్ళు లేక గడిపిన రోజుల్లో రాసింది. ‘లిరికల్ బేలడ్స్’ 1800 నాటి రెండో కూర్పులో అచ్చయింది. ఈ వివరాలు రెండు నిమిషాల్లో ముగించేసి, “ఇప్పుడు దీన్ని ఎవరైనా తెలుగులో చెప్పండి. పద్యం అక్కరలేదు, మామూలు మాటలు చాలు,” అన్నారు.

అది నా వంతుకు వచ్చింది. తడుముకుంటూ, ఆయన ఆపిన చోటల్లా దిద్దుకుంటూ, చివరికి చెప్పింది దాదాపు ఇలా తేలింది. నా మనసును ఒక మగత కమ్మేసింది. మనుషులకుండే భయాలేవీ నాకు లేకపోయాయి. లోకంలోని ఏళ్ళ తాకిడి సోకని వస్తువులా ఆమె అనిపించింది. ఇప్పుడు ఆమెలో కదలిక లేదు, శక్తి లేదు. వినదు, చూడదు. రాళ్ళతో, రప్పలతో, చెట్లతో పాటు భూమి దైనందిన గమనంలో పడి తిరుగుతూ ఉంది.

“మొదటి వాక్యమే చూడండి,” అన్నారాయన. “మీ స్నేహితురాలు ‘మనసును’ అంది. ఆ ‘ను’ ఎక్కడిది? ఇంగ్లీషులో మగత మనసును మూసిందో, మనసే మగతను మూసిందో చెప్పడానికి విభక్తి లేదు. మాటల వరస చూసి తెలుసుకోవాలంటే, కవి ఆ వరసనే తారుమారు చేశాడు. తెలుగులో చెప్పబోతే మాత్రం ఏదో ఒకటి తేల్చక తప్పదు.” అప్పటిదాకా అనువాదమంటే అర్థం చెప్పడమేనని నా ఉద్దేశం. ఇంగ్లీషు వాక్యం ఏం దాచిందో బయటపెట్టే పనిముట్టుగా తెలుగును వాడవచ్చునని ఎవరూ చెప్పలేదు.

ఆ తరవాత ఆయన నా కాగితం మీద గీసిన గీత దగ్గరికి వచ్చారు. “‘అనిపించింది’ అన్నావు కదమ్మా, ఎవరికి అనిపించింది?” నేను తడబడి “కవికి” అన్నాను. “పద్యంలో ఆ మాట ఉందా?” లేదు. ఇంగ్లీషులో ‘సీమ్‌డ్’ అన్న క్రియ ఎవరికి అన్నది చెప్పకుండానే హాయిగా నిలబడుతుంది. వస్తువుకున్న లక్షణమేదో చెబుతున్నట్టే ఉంటుంది. తెలుగులో ‘అనిపించింది’ అనగానే నాకా, నీకా, ఊళ్ళోవాళ్ళకా అన్న ప్రశ్న పుట్టి తీరుతుంది. ఆ మాట కడుపులోనే ‘అను’ ఉంది, అనేవాడు ఒకడు ఉండి తీరాలి. పద్యంలో ఆమె వయసు తాకని వస్తువు ఏమీ కాదు. మగతలో ఉన్నవాడికి అలా అనిపించింది, అంతే. వాడి నమ్మకాన్ని పట్టుకుని నేను ఆమె శాశ్వతురాలని రెండు పుటలు రాశాను. పద్యం మొత్తం ఆ మగత ఎలా వదిలిందో చెబుతుంటే నేను ఆ మగతలోనే ఉండిపోయి మూడున్నర మార్కులు తెచ్చుకున్నాను.

వదిలింది ఎక్కడ? రెండు చరణాల మధ్య. మొదటి చరణంలో క్రియలన్నీ భూతకాలం. రెండో చరణం మొదటి పాదంలోనే ‘ఇప్పుడు’ వచ్చి కూర్చుంటుంది, అక్కడినుంచి వర్తమానం. మధ్యలో ఉన్నది ఒక ఖాళీ గీత. ఆమె పోయింది ఆ ఖాళీలో. చనిపోవడం, ప్రాణం, శవం, సమాధి, కన్నీళ్ళు, వీటిలో ఏ ఒక్క మాటా పద్యంలో ఎక్కడా లేదు. మాటల్లో చెప్పకుండానే తోపించే అర్థాన్ని మన ఆలంకారికులు ధ్వని అన్నారు; అది ఇంత నిక్కచ్చిగా, ఒక అచ్చు పుటలో తెల్లగా వదిలేసిన జాగాలో చూడవచ్చునని నేనెన్నడూ అనుకోలేదు. మేష్టారు చాక్‌పీసుతో బోర్డు మీద నాలుగు అడ్డగీతలు గీసి, కొంచెం ఎడం వదిలి, మరో నాలుగు గీసి, ఆ ఎడం చుట్టూ సున్నా చుట్టారు. మృత్యువు అనే థీమ్ ఏ పాదంలో ఉందని ఎవరైనా అడిగితే ఆ సున్నానే చూపించాలి.

శైలి సరళం అని నేను రాసిన సంగతినీ ఆయన మరిచిపోలేదు. “సరళమంటే ఎంత సరళం? లెక్కపెట్టారా?” అన్నారు. సాహిత్యంలో లెక్కపెట్టడమేమిటని నవ్వుకుంటూనే లెక్కపెట్టాం. మొత్తం 48 మాటలు. మొదటి చరణంలో 24, రెండో చరణంలో 24, తక్కెట్లో తూచినట్టు. ఆ 48లో 41 మాటలు ఒక్క ఊపులో పలికేవి. రెండు ఊపులవి ఆరు. ఇక మూడు ఊపుల మాట పద్యమంతటిలో ఒకే ఒక్కటి, ‘డైయర్నల్’. చివరి పాదానికి ముందు పాదంలో, రోజువారీ అన్న అర్థంలో, ఖగోళశాస్త్రం పుస్తకంలోంచి ఊడిపడ్డట్టుండే లాటిన్ మాట అది. చుట్టూ ఉన్న ఇంటి మాటల మధ్యలో అది కోటు తొడుక్కుని వచ్చిన అధికారిలా నిలబడుతుంది.

ఇక్కడ కూడా తెలుగు మాకు అక్కరకు వచ్చింది. ఇంగ్లీషులో పాతకాలపు సొంత మాటలకూ లాటిన్ నుంచి వచ్చిన మాటలకూ ఉన్న తేడా చెవికి తెలియాలంటే మాలాంటివాళ్ళకు కష్టం. అచ్చ తెలుగుకూ తత్సమానికీ ఉన్న తేడా మాత్రం చెప్పకుండానే తెలుస్తుంది. ‘నీళ్ళు’ అన్న ఇంట్లోనే ‘జలం’ అంటే ఏదో పూజో, ప్రభుత్వ ప్రకటనో అయి ఉంటుంది. నేను అనువాదంలో గమనం, దైనందినం, శక్తి అని ఇష్టం వచ్చినట్టు సంస్కృతం పోసేయడం వల్ల ఆ ఒక్క మాట బరువు పోయింది. అన్నీ కోట్లు తొడుక్కున్నవే అయితే అధికారి ఎవరో ఎలా తెలుస్తుంది? “మిగతావన్నీ మీ అమ్మ మాట్లాడే మాటల్లో చెప్పు. ఆ ఒక్క చోటే సంస్కృతం వాడు,” అన్నారు మేష్టారు. ‘రాళ్ళూ రప్పలూ’ అన్నది మాత్రం ఆయనకు బాగా నచ్చింది. ఇంగ్లీషు కవి రాక్స్, స్టోన్స్ అని ఇంచుమించు ఒకే అర్థమున్న రెండు మాటలు పక్కపక్కన వేయడం కొందరికి దండగ్గా తోస్తుంది గానీ, తెలుగువాడికి అందులో వింతేమీ లేదు; మనం రాళ్ళను ఎప్పుడూ ఒంటరిగా వదలం.

జనం మాట్లాడే భాషలోంచే కవిత్వం రావాలని వర్డ్స్‌వర్త్ ఆ 1800 కూర్పుకు రాసిన ముందుమాటలో వాదించాడు. అది చెబుతూ మేష్టారు గిడుగు రామమూర్తి గారి ప్రస్తావన తెచ్చారు. శ్రీకాకుళం ప్రాంతం మనిషి గనుక మాకు సొంతవాడన్నట్టే ఉండేది. ఆ పోలిక ఎంతవరకు నిలుస్తుందన్న దాని మీద నాకు ఇప్పటికీ పూర్తి నమ్మకం లేదు. గిడుగు పోరాటం ముఖ్యంగా బడిలో చెప్పే వచనం కోసం, వర్డ్స్‌వర్త్ తగవు కవుల పదజాలంతో. అయినా పరీక్ష కోసం కాకుండా వాల్తేరులో కూర్చుని ఇలాంటి పోలికలు వింటుంటే, ఇంగ్లీషు సాహిత్యం ఎవరో పెద్దవాళ్ళ ఇంటి వెనక గుమ్మంలోంచి తొంగి చూసే వస్తువు కాదనిపించింది. (నాకు. మేష్టారు అడగకముందే చెబుతున్నాను.)

ఈ చర్చలో నేను చెప్పిన మాట ఒక్కటి ఉంది, దాన్ని కొంచెం గర్వంగానే గుర్తుంచుకున్నాను. ఇంగ్లీషులో ఆమెను ‘థింగ్’ అనడం చెంపదెబ్బలా తగులుతుంది. ‘షీ’ అన్నది మనిషికి, ‘ఇట్’ అన్నది వస్తువుకు. ఆ రెంటి మధ్యా గోడ ఉంది. మొదటి చరణంలో మురిపెంగా వస్తువన్నవాడికి రెండో చరణంలో ఆమె నిజంగానే రాళ్ళ పక్కన వస్తువై కూర్చుంటుంది. తెలుగులో ఆ గోడ లేదు. ఆమె వచ్చింది, బస్సు వచ్చింది. ఆమె కదలదు, రాయి కదలదు. చిన్నయసూరి బాలవ్యాకరణంలో పురుషుణ్ణి చెప్పే మాట మహత్తు, స్త్రీని చెప్పే మాట మహతి, మిగిలినవన్నీ అమహత్తులు. ఏకవచనంలో మహతి క్రియ వచ్చేసరికి అమహత్తుల దారినే పోతుంది. అందుచేత “వినదు, చూడదు” అని నేను అన్నప్పుడు, ఆ మాటలు అమ్మాయి గురించో బండరాయి గురించో వ్యాకరణం చెప్పదు. “మన భాషలో ఆ దెబ్బ తగలదు సార్,” అన్నాను. వెనక బల్లలోంచి ఒకమ్మాయి, “మహత్తు అంటే గొప్పది అనే కదా సార్ అర్థం? మగవాడొక్కడే గొప్పా?” అంది. తరగతంతా గొల్లుమంది.

మేష్టారు నవ్వలేదు. “దెబ్బ తగలదా, మనం ఆ దెబ్బకు ఎప్పుడో అలవాటు పడిపోయామా?” అన్నారు. కాసేపాగి, “పోనీ గౌరవవాచకం వాడి చూడు. ‘ఆవిడ వినరు, చూడరు.’ ఇప్పుడెలా ఉంది?” అన్నారు. విచిత్రంగా ఉంది. ఆ ఒక్క ‘రు’తో ఆమె రాళ్ళలోంచి లేచి వచ్చి మళ్ళీ మనిషైపోయింది, ఎవరింట్లోనో మంచాన పడిన పెద్దావిడ అయిపోయింది. పద్యం చచ్చిపోయింది. ఆ రోజు నుంచి శైలి అన్న మాట వినగానే అలంకారాలు, ఉపమానాలు కాక, ఆ ‘దు’, ‘రు’ రెండక్షరాలే నాకు గుర్తుకు వస్తాయి.

పద్యం చివర దుఃఖమా, ఓదార్పా అన్న దాని మీద మాత్రం మా తరగతి రెండుగా చీలిపోయింది, ఎన్నటికీ కలవలేదు. ఆమె ఇప్పుడు ఇంత పెద్ద భూమితో పాటు తిరుగుతోంది, చెట్లు కూడా బతికున్నవే కదా అని ఒక జట్టు. బొమ్మలా దొర్లించబడుతోంది, తనంతట తాను కదలలేదు, అంతకంటే భయంకరమేముంటుందని మా జట్టు. డాక్టర్ వి. ఎస్. కృష్ణా గ్రంథాలయంలో ఒక మధ్యాహ్నమంతా వెతికాక, ఇదే తగువు మాకంటే పెద్దవాళ్ళు ముందే పడ్డారని తెలిసింది. అమెరికాలో క్లీన్త్ బ్రూక్స్ అనే విమర్శకుడు ఆ పాదాల్లో ప్రియుడి నిలువునా కంపించిన దిగ్భ్రమను చూశాడు, ఇంగ్లండులో ఎఫ్. డబ్ల్యు. బేట్సన్ ఆమె ప్రకృతిలో భాగమై మునుపటికంటే సజీవంగా ఉందన్నాడు, ఇద్దరినీ పక్కపక్కన నిలబెట్టి ఇ. డి. హిర్ష్ 1960లో ఒక వ్యాసం రాశాడు. బేట్సన్ పక్షం వహించాలంటే ‘డైయర్నల్’ను గంభీరంగా చదవాలి, బ్రూక్స్ పక్షం వహించాలంటే చల్లగా చదవాలి. నేను ఇప్పటికీ బ్రూక్స్ జట్టే. ఆ పద్యాన్ని 1799 ఏప్రిల్‌లో స్నేహితుడికి రాసిన ఉత్తరంలో ఎత్తి రాస్తూ వర్డ్స్‌వర్త్ మిత్రుడైన కవి కోల్‌రిడ్జ్, తన చెల్లెలు చనిపోతే ఎలా ఉంటుందో వర్డ్స్‌వర్త్ ఏ దిగులు క్షణంలోనో ఊహించుకుని రాసి ఉంటాడని అనుకున్నాడు. అదే నిజమైతే, పద్యం రాసిన చలికాలంలో ఆ చెల్లెలు అదే ఇంట్లో అతనితోనే ఉంది. ఈ సంగతి తెలిశాక చివరి పాదాలను ఓదార్పుగా చదవడం నాకు మరీ కష్టమైంది.

దసరా సెలవులకు ఇంటికి వెళ్ళినప్పుడు, చేటలో బియ్యం పోసుకుని రాళ్ళు ఏరుతున్న మా అమ్మ దగ్గర కూర్చుని, మేష్టారు చెప్పినట్టు ఆమె మాటల్లోకి మార్చిన అనువాదం చదివి వినిపించాను. అమ్మ ఐదో తరగతి. విని, “ఆ పిల్ల పేరేంటి?” అంది. పేరు లేదన్నాను. “పోయిందా?” అంది. “నీకెలా తెలిసింది? పోయిందని ఎక్కడా లేదు కదే,” అన్నాను. “ఇంట్లోవోళ్ళు నోటితో అంటారేటే అలాగ?” అని చేట ఒకసారి ఎగరేసి, “అయినా ఏళ్ళు తాకవనుకున్నాడంటే ఎంత ఎర్రివోడే,” అంది. నా రెండు పుటల వ్యాసంలో ఈ రెండు మాటలూ లేవు.

రెండో సంవత్సరంలో నవల పేపరులో జేన్ ఆస్టిన్ ‘ఎమ్మా’ వచ్చింది. 1815 డిసెంబరులో వెలువడిన నవల అది, పేరు పుట మీద మాత్రం 1816 అని ఉంటుంది. తెరవగానే మొదటి వాక్యంలో, అందం, తెలివి, ఐశ్వర్యం మూడూ ఉన్న ఎమ్మా వుడ్‌హౌస్ బతుకులోని గొప్ప మేళ్ళలో కొన్నింటిని తనలో కలబోసుకున్నట్టు ఉందని చెప్పే చోట మళ్ళీ అదే క్రియ ఎదురైంది, ‘సీమ్‌డ్’. ఈసారి నాకు నేనే పెన్సిలు తీసి మార్జినులో రాసుకున్నాను, ఎవరికి? ఊరివాళ్ళకా, ఎమ్మాకేనా, ఆ వాక్యం చెబుతున్న చిరునవ్వు గొంతుకా? ఆ నవలంతా ఆ ప్రశ్నకు జవాబే. దాదాపు 21 ఏళ్ళపాటు కష్టమన్నది అంతగా ఎరగకుండా బతికిన ఆ పిల్ల, తనకు అనిపించినదే నిజమనుకుని స్నేహితురాలు హారియెట్ స్మిత్‌కు ఎల్టన్ గారితో పెళ్ళి కుదర్చబోతుంది. మనం కూడా ఆమె కళ్ళతోనే చూస్తుంటాం గనుక, ఎల్టన్ కళ్ళు ఎవరి మీద ఉన్నాయో మనకూ తెలియకుండా పోతుంది. ఒక క్రిస్మస్ ముందు రాత్రి బండిలో ఎల్టన్ ఎమ్మా చేతినే అందుకుని ప్రేమ ఒలకబోస్తాడు.

ఆ తరవాతి అధ్యాయం మొదలయ్యే తీరు మీద మేష్టారు రెండు తరగతులు తీసుకున్నారు. జుట్టుకు ఉంగరాలు చుట్టడం అయింది, పనిమనిషిని పంపించేయడం అయింది, ఇక ఎమ్మా ఆలోచించుకుని బాధపడడానికి కూర్చుంది. పడుకునే ముందు చేయవలసిన పనుల జాబితాలో బాధపడడం మూడోది. వెంటనే తరవాతి వాక్యం, ఎంత పాడు వ్యవహారం, అని. ఆ మాట ఎవరిది? ఎమ్మా అనుకుంటోందని రచయిత్రి రాయలేదు. కొటేషన్లు లేవు. క్రియ మాత్రం రచయిత్రి వాడే భూతకాలంలోనే ఉంది, ఉద్వేగం మాత్రం ఎమ్మాది. ‘ఫ్రీ ఇన్‌డైరెక్ట్ డిస్కోర్స్’ అని దానికి పేరుంది గానీ, ఆ పేరు తెలిసినంత మాత్రాన ఏమీ తెలియదు.

తెలుగులో పెట్టి చూశాం. తెలుగులో ఎవరి మాటనైనా, ఎవరి ఆలోచననైనా ‘అని’ పట్టి కడుతుంది. ఎంత పాడు వ్యవహారం అని ఎమ్మా అనుకుంది. ఆ ‘అని’ తగిలించగానే ఆలోచన సొంతదారుకు చేరిపోయి, రచయిత్రి చేతులు దులుపుకుని పక్కకు జరుగుతుంది. ‘అని’ తీసేస్తే రెండు గొంతులూ ఒకే వాక్యంలో ఇరుక్కుని ఉండిపోతాయి. ఒకటి ఏడుస్తుంటే రెండోది లోలోపల నవ్వుతుంది. ఇంగ్లీషులో దీన్ని వివరించడానికి పాఠ్యపుస్తకాలకు పుటలు పడతాయి. మాకు ఒక ‘అని’ తీసి పెట్టడం సరిపోయింది. “ఇది మీకు కొత్తేం కాదు. ఊళ్ళోనే వకీలు పనిచేసుకుంటూ ఒకాయన రాస్తున్నాడు, చదవరు మీరు,” అన్నారు మేష్టారు. రావిశాస్త్రి గారి గురించి. ఆ రాత్రి హాస్టల్లో ఆయన నవల ‘అల్పజీవి’ మళ్ళీ తెరిచి, సుబ్బయ్య భయాలు ‘అని’ లేకుండా వాక్యాల్లోకి ఎలా కారిపోతున్నాయో చూస్తూ తెల్లవార్లూ కూర్చున్నాను. ఇంగ్లీషు ఎం.ఏ. నాకు చేసిన ఉపకారాల్లో పెద్దది, నా భాషలో నేను చదివేసిన పుస్తకాలను చదవనివిగా చేయడం.

తరవాత నేను ప్రభుత్వ డిగ్రీ కళాశాలల్లో 31 ఏళ్ళు ఇంగ్లీషు చెప్పాను. ఈ పద్యాన్ని, సిలబస్‌లో ఉన్నా లేకపోయినా, ఏటా ఒక గంట చెప్పేదాన్ని. సైక్లోస్టైల్ పోయి జిరాక్సు వచ్చింది గానీ, పేరు లేని కాగితం పంచడం, మాటలు లెక్కపెట్టించడం, ‘ఎవరికి?’ అని అడగడం, అన్నీ ఆయన చేసినట్టే. ఇన్నేళ్ళలో దాన్ని అరగదీసేశానని, అందులో నాకు తెలియనిది ఏమీ మిగల్లేదని నా నమ్మకం.

చివరి రెండు మూడేళ్ళలో ఒకసారి, తరగతి అయిపోయి పుస్తకాలు సర్దుకుంటుంటే, ఎప్పుడూ నోరు విప్పని ఒక అబ్బాయి కాగితం పట్టుకుని వచ్చాడు. “మేడమ్, ‘ఎర్త్’ రెండుసార్లుందండి,” అన్నాడు. చూశాను. మొదటి చరణం చివరి పాదంలో ‘ఎర్త్‌లీ’, ఆమెను తాకలేవని వాడు అనుకున్న ఏళ్ళకు విశేషణంగా. రెండో చరణంలో ‘ఎర్త్’, ఆమె ఇప్పుడు ఉన్న చోటుగా. ఏ భూమి తాకిడి ఆమెకు లేదనుకున్నాడో ఆ భూమిలోనే ఆమె కలిసిపోయింది. ఒకే మాట, మొదటిసారి కనపడీ కనపడకుండా జారిపోయి, రెండోసారి మనిషిని మింగేసింది. 41, 7 అని లెక్కలు వేయించినదాన్ని, ఇంత పెద్దది చూడలేదు. చూడకపోవడానికి కారణం వెంటనే తెలిసి సిగ్గేసింది. 1981లో నేను చేసిన అనువాదంలో మొదటి చోట ‘లోకంలోని ఏళ్ళు’ అని ఉంది, రెండో చోట ‘భూమి’ అని ఉంది. అప్పటినుంచీ ఇంగ్లీషు పద్యాన్ని నా తెలుగులోంచే చూస్తున్నాను, ఆ తెలుగు దాన్ని కప్పేసింది.

ఇంటికి వెళ్ళి పాత నోటుపుస్తకం తీశాను. ఇంగ్లీషులో ఆ మాటకు మట్టి అన్న అర్థమూ ఉంది, గ్రహమన్న అర్థమూ ఉంది, ఇహలోకమన్న అర్థమూ ఉంది. తెలుగులో మూడింటికీ సరిపోయే మాట కావాలి, అది అమ్మ మాట్లాడే మాట అయి ఉండాలి, రెండు చోట్లా ఒకటే అయి ఉండాలి. ‘మన్ను’ అంటే మొదటి చోట నప్పడం లేదు. ‘నేల’ అంటే అది తిరుగుతుందంటే ఎవరూ ఒప్పుకోరు. ‘పుడమి’ పద్యాల్లో బాగుంటుంది గానీ, అమ్మ ఎన్నడూ అనలేదు. ‘భూమ్మీది ఏళ్ళు’ అని రాసి, కొట్టేసి, మళ్ళీ రాసి, మళ్ళీ కొట్టేశాను. ఆ రెండు చోట్లా కాగితం చిరిగే దాకా రబ్బరుతో చెరిపిన ఖాళీలే ఉన్నాయి, పెన్సిలు ఆ పుటలోనే పెట్టి ఉంది.